మనోవ్యాధికి మందు లేదా?

"మనోవ్యాధికి మందు లేదు" అన్న సామెత మన ఇళ్లలో తరచుగా వినబడుతుంది. 40 సంవత్సరాలకు పైగా వైద్యవృత్తిలో ఉన్న నాకు ఈ సామెత సగం మాత్రమే నిజమని అనుభవం నేర్పింది. మనోవ్యాధికి మందు ఉన్నది. కాని ముందుగా అది మనోవ్యాధి అని ఎవరో ఒకరు గుర్తించాలి. చాలా సందర్భాలలో అది కడుపునొప్పిగానో, నిద్రలేమిగానో, నడుమునొప్పిగానో వైద్యుని వద్దకు వస్తుంది. రోగికి కూడా దాని అసలు పేరు తెలియదు.

మన పూర్వులు ఈ సంగతిని శాస్త్రం చదవకుండానే గ్రహించారు. తెలుగు మాటలనే గమనించండి. భయం వేస్తే "గుండె జారిపోయింది" అంటాము, "కాళ్లు చల్లబడ్డాయి" అంటాము. కోపం వస్తే ఒళ్లు మండుతుంది. బిడ్డ కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చీకట్లో జడుసుకున్న పిల్లవాడికి వచ్చేది దడుపు జ్వరం. తల్లి ఊరికి వెళితే చంటిపిల్ల బెంగ పెట్టుకొని చిక్కిపోతుంది. దేహానికీ మనసుకూ నడుమ గోడ కట్టిన వారెవరూ ఇటువంటి మాటలను పుట్టించి ఉండరు.

అయితే ఈ సత్యాన్ని ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆగాలి అన్నది కూడా తెలిసి ఉండాలి. మొదటి సంగతిని నాకు ఒక గృహిణి నేర్పారు. రెండవదానిని ఒక ఉపాధ్యాయుడు నేర్పారు. వారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఆ రెండు సంగతులూ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మేనమామ రాని పెళ్లి

సుమారు 20 సంవత్సరాల క్రితం ఒక గృహిణిని ఆమె భర్త నా వద్దకు తీసుకొని వచ్చారు. వయస్సు 48. మూడేళ్లుగా ఆకలి లేదు. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లయి పైకి ఎగదన్నేది. బొడ్డుకు పైభాగాన నొప్పి. బరువు 9 కిలోలు తగ్గారు. పట్టణంలో గొట్టం వేసి కడుపు లోపల చూశారు, స్కానింగు తీశారు, రక్తం పరీక్షించారు. దోషమేమీ కనబడలేదు. భర్త ఆ కాగితాల కట్టను నా బల్ల మీద పెట్టి, "అంతా నార్మల్ అంటారండీ. మనిషి మాత్రం రోజురోజుకూ తీసిపోతున్నది" అన్నారు.

నాడి చూశాను, నాలుక చూశాను. అగ్నిమాంద్యమూ వాతప్రకోపమూ స్పష్టంగా ఉన్నాయి. హింగ్వాష్టక చూర్ణాన్ని నేతితో కలిపి మొదటి ముద్దలో తినమని చెప్పి, పథ్యం వివరించి పంపాను. రెండు నెలలు గడిచాయి. ప్రయోజనం స్వల్పం. ప్రతిసారీ భర్త వెంట వచ్చేవారు. నేను ఆమెను అడిగే ప్రశ్నలకు ఆయనే సమాధానం చెప్పేవారు.

మూడవ నెలలో ఒకనాడు ఆమె ఒక్కరే వచ్చారు. ఆ సమయానికి రోగులు కూడా పలుచగా ఉన్నారు. "అమ్మా, ఈ నొప్పి మొదలైన రోజులలో ఇంట్లో ఏమి జరుగుతున్నది?" అని అడిగాను. "మా అమ్మాయి పెళ్లండీ" అన్నారు. పెళ్లి సలక్షణంగా జరిగిందా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు.

పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసిన మేనమామ ఆ పెళ్లికి రాలేదు. జ్వరమని కబురు చెప్పారు. ఉన్న ఒక్క మేనకోడలి పెళ్లికి రాని అన్న మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. బంధువులందరి ఎదుట, "నాకు అన్నయ్య లేడనే అనుకుంటాను" అనేశారు. పదహారు రోజుల పండుగ అయిన మర్నాడు అసలు సంగతి బయటపడింది. పెళ్లికి రెండు రోజుల ముందే ఆయన గుండెపోటుతో పోయారు. పందిరి వేసిన ఇల్లు, మైల వస్తే ముహూర్తం తప్పుతుందని పెద్దలు దాచారు.

"నేను ఆ మాట అనేసరికే మా అన్నయ్య లేడండీ. ఇంట్లో కొత్త అల్లుడున్నాడు, కంట తడి పెట్టవద్దన్నారు. పెట్టలేదు. ఇప్పటిదాకా పెట్టలేదు" అన్నారు ఆమె. ఆ తరువాత అరగంట సేపు ఏడ్చారు. నేను మంచినీళ్లు ఇచ్చి కూర్చున్నాను. అంతకు మించి చేయగలిగినదేమీ లేదు.

మరుసటి వారం భర్తను పిలిపించి, ఆమె అనుమతితో, సంగతి చెప్పాను. ఆయన సహృదయులు. "మూడేళ్లయింది కదా, మరిచిపోయిందనుకున్నానండీ" అని బాధపడ్డారు. ఆ సంవత్సరం ఆబ్దికానికి ఆమెను అన్నగారి ఊరికి తీసుకొని వెళ్లారు. వదినా ఆడపడుచూ రెండు రాత్రులు పక్కపక్కనే పడుకొని మాట్లాడుకున్నారు. మేనకోడలి కోసం ఆయన కొత్త గంప కొని, రంగులు వేయించి, అటక మీద దాచిన సంగతి వదిన చెప్పేవరకు ఆమెకు తెలియదు. ఆ గంప ఇంకా అక్కడే ఉన్నది.

ఆ తరువాత కూడా నేను ఇచ్చినది అదే చూర్ణం. మందు మారలేదు, మోతాదు మారలేదు. నాలుగు నెలలలో ఆమె మామూలుగా భోజనం చేయసాగారు. 5 కిలోల బరువు పుంజుకున్నారు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. ఏటా ఆ మాసంలో నాలుగు రోజులు తలెత్తి తగ్గుతుంది. అది ఎందుకు వస్తున్నదో ఆమెకు తెలుసు కనుక ఇప్పుడు భయపడరు.

శాస్త్రం ఏమంటున్నది?

మా గురువుగారి ఇంట పదేళ్లు చదువుకున్నాను. ఆయన చరక సంహిత సూత్రస్థానంలోని వేగాల అధ్యాయాన్ని మా చేత ఎన్నిసార్లు వల్లె వేయించారో లెక్కలేదు. ఈ రోగిని చూసిన తరువాతనే ఆ అధ్యాయం నాకు అర్థమయిందని చెప్పడానికి సిగ్గుపడను.

మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర వంటి 13 సహజ వేగాలను ఆపరాదని చరకుడు చెప్పాడు. ఆ జాబితాలో కన్నీరు కూడా ఉన్నది. కన్నీటిని బలవంతంగా ఆపుకుంటే కలిగే వికారాలలో పడిశము, నేత్రరోగాలు, హృద్రోగాలు, తల తిరుగుటతో పాటు అరుచిని కూడా పేర్కొన్నాడు. అరుచి అంటే అన్నం మీద ఇచ్ఛ పోవడం. ఆమె మూడేళ్లుగా అనుభవించినది అదే.

అదే అధ్యాయంలో ఆపుకొనవలసిన వేగాలు కూడా ఉన్నాయి. లోభం, భయం, క్రోధం, ఈర్ష్యలతో పాటు శోకాన్ని కూడా అక్కడ చేర్చారు. శోకాన్ని ఆపమంటూ కన్నీటిని ఆపవద్దనడం పరస్పర విరుద్ధం కాదా అని విద్యార్థిగా నేను గురువుగారిని అడిగాను. "ఏరు పారనివ్వు, ఇల్లు మాత్రం ఏట్లో కట్టుకోకు" అన్నారాయన. దుఃఖం వచ్చినప్పుడు ఏడవాలి. ఆ దుఃఖంలోనే కాపురం ఉండరాదు.

ఆయుర్వేదంలో మనసుకు ఉన్న స్థానాన్ని సంగ్రహంగా చెబుతాను. శరీరమూ మనసూ రెండూ రోగాలకు ఆశ్రయాలు. శరీర దోషాలు వాత పిత్త కఫాలు. మనోదోషాలు రజస్సు, తమస్సు. భయశోకాల వలన వాతము, క్రోధము వలన పిత్తము ప్రకోపిస్తాయి. అతిసార రోగాన్ని వర్ణించేటప్పుడు భయం వలన కలిగేదానినీ, శోకం వలన కలిగేదానినీ చరకుడు వేరుగా లెక్కించాడు. పరీక్ష రోజున పదిసార్లు దొడ్డికి పరుగెత్తే విద్యార్థిని చూసిన తల్లిదండ్రులకు ఇది వివరించనక్కరలేదు. హితమైన ఆహారాన్ని తగిన మోతాదులో తిన్నప్పటికీ చింత, శోకం, భయం, క్రోధాలతో ఉన్నవానికి అది సరిగా జీర్ణం కాదని విమానస్థానం చెబుతున్నది. సుశ్రుతుడు ఆరోగ్యవంతుని నిర్వచించేటప్పుడు దోషాలు, అగ్ని, ధాతువులు, మలాలు సమస్థితిలో ఉండడంతో ఆగలేదు. మనసు ప్రసన్నంగా ఉండడాన్ని కూడా అందులో చేర్చాడు.

చికిత్స మూడు విధాలని చరకుడు విభజించాడు. జప హోమాదులతో కూడినది దైవవ్యపాశ్రయం. ఔషధమూ ఆహారమూ యుక్తివ్యపాశ్రయం. అహితమైన విషయాల నుండి మనసును మరల్చడం సత్త్వావజయం. నేటి వైద్యులు మాటల ద్వారా చేసే మానసిక చికిత్సకు ఇది దగ్గరి బంధువు.

ఆధునిక పరిశోధన చూపిన సంగతులు

ఇవన్నీ పాతకాలపు నమ్మకాలని కొట్టివేసే పాఠకులు కూడా ఉంటారు. వారికోసం పాశ్చాత్య వైద్య చరిత్ర నుండి కొన్ని సంగతులు చెబుతాను.

1822లో అమెరికాలోని మాకినా ద్వీపంలో తుపాకి గుండు తగిలిన ఒక యువకుని కడుపుకు పడిన రంధ్రం పూర్తిగా పూడలేదు. అతనికి చికిత్స చేసిన విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు ఆ రంధ్రం ద్వారా జీర్ణక్రియను ఏళ్ల తరబడి కంటితో చూసి, 1833లో గ్రంథం ప్రచురించాడు. కోపతాపాలు కలిగినప్పుడు ఆ యువకుని జీర్ణక్రియ చెడిపోవడాన్ని ఆయన నమోదు చేశాడు. విమానస్థానం చెప్పినదానికి ఇంతకంటె ప్రత్యక్ష సాక్ష్యం అరుదు.

1995లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు మతిమరపు వ్యాధి సోకిన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, ఆ భారం లేని మరి 13 మందిని ఎంచుకొన్నారు. అందరి చేతి మీదా మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో గమనించారు. సేవా భారం మోస్తున్నవారి గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది.

రోగి పడుకొనే గది కూడా లెక్కకు వస్తుంది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకొన్న 46 మంది రికార్డులను పోల్చి 1984లో ఫలితాలు ప్రకటించాడు. కిటికీ లోంచి చెట్లు కనిపించే గదులలో ఉన్నవారు, ఇటుక గోడ మాత్రమే కనిపించే గదులవారి కంటె త్వరగా ఇంటికి వెళ్లారు. తీవ్రమైన నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

ఇది ఎలా జరుగుతుంది? భయం కలిగినప్పుడు మూత్రపిండాల పైనున్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసోల్ అనే రసాలను విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. రక్తం కండరాల వైపు మళ్లి, జీర్ణక్రియ మందగిస్తుంది. పాము ఎదురైనప్పుడు ఈ ఏర్పాటు ప్రాణం కాపాడుతుంది. కాని అప్పు, అవమానం, కుటుంబ కలహం వంటివి పాములాగా పక్కకు తొలగిపోవు. నెలల తరబడి కార్టిసోల్ అధికంగా ఉంటే నిద్ర చెడుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, గాయం మానడం ఆలస్యమవుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి అవి అదుపు తప్పుతాయి.

నేను చేసిన పొరపాటు

ఇంతవరకు చదివి, "ఇక ప్రతి రోగానికీ మనసే కారణం" అని నిర్ధారణకు వచ్చే పాఠకులు ఉండవచ్చు. వారి కోసమే ఈ భాగం రాస్తున్నాను.

1994లో ఒక ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చారు. వయస్సు 40 దాటింది. తమ్ముడికి హామీ ఉన్న అప్పు మెడకు చుట్టుకొని ఇల్లు అమ్మవలసి వచ్చింది. నిద్ర లేదు, నీరసం, బరువు తగ్గడం. సాయంకాలం ఒళ్లు వెచ్చబడుతున్నదని కూడా చెప్పారు. కొద్దిగా దగ్గు ఉన్నది. ఆయన కథ విన్నాక నాకు ఇక వేరే కారణం వెతకాలని అనిపించలేదు. "దిగులు మనిషిని తినేస్తున్నది" అన్నాను. బ్రాహ్మి, అశ్వగంధ ఇచ్చాను. గంటసేపు ధైర్యవచనాలు చెప్పాను. ఆయన భార్య నాకు చేతులెత్తి నమస్కరించారు.

రెండు నెలల తరువాత దగ్గులో రక్తం పడింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి క్షయ అని తేల్చారు. ఆ రెండు నెలలూ ఆయన తన నాలుగేళ్ల కూతురిని పక్కలో వేసుకొని పడుకున్నారు. ఆ పాపకూ చికిత్స చేయవలసి వచ్చింది. మందులు క్రమం తప్పక వాడడం వలన తండ్రీ కూతుళ్లిద్దరూ స్వస్థులయ్యారు. లేకపోతే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. రాజయక్ష్మ లక్షణాలను వల్లె వేసి పెరిగినవాడిని. అవి నా ఎదుట కూర్చొని ఉంటే, కథ విని కరిగిపోయి, చూడలేకపోయాను. ఆయన దిగులు నిజమే. క్షయ కూడా నిజమే.

వైద్యలోకం మొత్తం ఇటువంటి పొరపాటు ఒకటి చేసింది. కడుపులో పుండుకు మానసిక ఆందోళన ముఖ్యకారణమని దశాబ్దాల పాటు నమ్మారు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని వేరు చేసి, చాలా పుండ్లకు అది కారణమని చూపారు. వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. "బెంగ తగ్గించుకో" అన్న సలహాతో ఏళ్ల తరబడి బాధపడిన రోగులకు కావలసినది సూక్ష్మజీవిని చంపే మందు.

నాటి నుండి నాకు ఒక నియమం ఏర్పడింది. దేహాన్ని పూర్తిగా పరీక్షించకుండా మనసు మీద నేరం మోపను. దేహంలో దోషం దొరికిందని మనసును అడగడం మానను.

రోగిని నిందించరాదు

మరొక ప్రమాదం కూడా ఉన్నది. మనసుకు శక్తి ఉన్నదని తెలిసిన బంధువులు రోగినే దోషిగా నిలబెడుతున్నారు. క్యాన్సరుతో బాధపడుతున్న ఒక ఇల్లాలితో ఆమె బంధువు, "నీకు ధైర్యం లేదు కనుకనే తగ్గడం లేదు" అనడం నేను నా చెవులారా విన్నాను. రోగానికి తోడు అపరాధ భావాన్ని కూడా ఆమె నెత్తిన పెట్టారు.

తల, మెడ భాగాల క్యాన్సరుతో చికిత్స పొందిన వెయ్యిమందికి పైగా రోగులను పరిశీలించిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. రోగుల మానసిక ఉల్లాసానికీ వారు ఎంతకాలం జీవించారన్నదానికీ సంబంధం కనబడలేదు. ప్రసన్నమైన మనసు నొప్పిని సహించే బలాన్నిస్తుంది. నిద్రను, ఆకలిని, మందు క్రమం తప్పక వేసుకొనే పట్టుదలను ఇస్తుంది. కణితిని కరిగించే పని దానిది కాదు. భయపడే హక్కు రోగికి ఉన్నది.

ఇంట్లోవారు చేయవలసినవి

చికిత్సకు నాలుగు పాదాలని శాస్త్రం చెబుతున్నది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణాలలో తన బాధను దాచకుండా చెప్పగలగడం ఒకటి. పరిచారకునికి ఉండవలసిన గుణాలలో అనురాగం ఒకటి. మన ఇళ్లలో పరిచారకులంటే భార్య, కోడలు, కూతురు, కొడుకులే కనుక ఈ సూచనలు వారికోసం.

1. వైద్యుని వద్ద రోగిని మాట్లాడనివ్వండి. ఆమె బాధను మీరు చెప్పవద్దు. చివరి పది నిమిషాలు మీరు బయట కూర్చోండి.

2. "ఈ బాధ మొదలైన రోజులలో ఏమి జరిగింది?" అని రోగిని నెమ్మదిగా ఒకసారి అడగండి. చెప్పకపోతే ఒత్తిడి చేయవద్దు. అడిగారన్న సంగతి ఆ మనసులో ఉంటుంది.

3. ఏడుస్తుంటే "ఊరుకో" అని వెంటనే ఆపవద్దు. చావు ఇంట్లోనైనా, శుభకార్యం జరిగిన ఇంట్లోనైనా దుఃఖానికి ఒక గది, ఒక గంట కేటాయించండి.

4. రోగి మంచం పక్కన ఆసుపత్రి ఖర్చులు, అదే రోగంతో పోయినవారి కథలు మాట్లాడవద్దు. పరామర్శకు వచ్చినవారిని పావుగంట మించి కూర్చోబెట్టవద్దు.

5. మంచాన్ని గాలి, వెలుతురు వచ్చే కిటికీ దగ్గరకు జరపండి. చెట్టు కనబడకపోతే ఒక తులసి కుండీనైనా కిటికీలో పెట్టండి.

6. భోజనవేళ టీవీ వార్తలు, తగాదాలు, పిల్లల మార్కుల ప్రస్తావన వద్దు. వేళకు, వేడిగా, పక్కన ఒకరు కూర్చొని పెట్టాలి.

7. సేవ చేసేవారిని మరువవద్దు. మంచాన పడిన అత్తగారిని ఏళ్ల తరబడి చూసుకొనే కోడలికి వారంలో ఒక పూట పూర్తి విశ్రాంతి ఇవ్వండి. ఒహాయోలో ఆలస్యంగా మానిన గాయాలు రోగులవి కావు, సేవ చేసేవారివి.

మనసుకు ఊరటనిచ్చే ఇంటి చికిత్సలు

పాదాభ్యంగం: రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లను పది నిమిషాలు మెల్లగా మర్దన చేసి, గుడ్డతో శుభ్రంగా తుడవాలి. నూనె కాళ్లతో నడిస్తే జారిపడే ప్రమాదమున్నది. వేరొకరు మర్దన చేస్తే ప్రయోజనం అధికమని నా అనుభవం. ఆ స్పర్శ కూడా ఔషధమే.

జాజికాయ పాలు: ఒక గ్లాసు వేడి పాలలో చిటికెడు మాత్రమే జాజికాయ పొడి కలిపి నిద్రకు అరగంట ముందు తాగవచ్చు. మధుమేహం ఉన్నవారు చక్కెర కలపరాదు. జాజికాయ మోతాదు మించితే మత్తు, వాంతులు, గుండెదడ కలుగుతాయి. గర్భిణులకు, పిల్లలకు ఇవ్వరాదు.

శ్వాస: ఉదయం, సాయంకాలం పది నిమిషాలు వెన్ను నిటారుగా కూర్చొని, తీసుకొనే శ్వాస కంటె విడిచే శ్వాస నిదానంగా ఉండేటట్లు గమనించాలి. బిగపట్టనక్కరలేదు.

దినచర్య: ఒకే వేళకు నిద్ర, ఒకే వేళకు మేల్కొనడం, అరగంట నడక. చింత ఉన్నవారికి మధ్యాహ్నం తరువాత కాఫీ తగదు.

అశ్వగంధను నేడు చాలామంది ప్రకటనలు చూసి సొంతంగా వాడుతున్నారు. గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, థైరాయిడ్ మందులు వాడేవారు వైద్యుని అడగకుండా దానిని తీసుకొనరాదు.

ఆలస్యం చేయరాని సందర్భాలు

ఈ క్రింది లక్షణాలుంటే "మనసు బాగాలేదు" అని సరిపెట్టుకొనక వెంటనే పరీక్షలు చేయించాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరం, మలంలో గాని కళ్లెలో గాని రక్తం, మింగుడు పడకపోవడం. ఛాతీలో బిగింపు, ఆయాసం, చెమటలు ఉంటే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి. రక్తపోటు, మధుమేహం, క్షయ, మూర్ఛలకు వాడుతున్న మందులను మనసు కుదుటపడిందని సొంతంగా ఆపరాదు.

అదే విధంగా, రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రాహారాలు పూర్తిగా తప్పడం, బ్రతుకు మీద విరక్తి మాటలు వినబడితే మానసిక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి. అందులో చిన్నతనమేమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చు. నా వద్దకు వచ్చిన రోగులను అవసరమైనప్పుడు నేనే మానసిక వైద్యులకు పంపుతున్నాను. వారు రాసిన మందులను ఆపించలేదు.

ఆ గృహిణికి ఇప్పుడు 70కి దగ్గర పడుతున్నది. గత సంవత్సరం మనవరాలి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి దంపతులిద్దరూ వచ్చారు. పెళ్లికూతురిని ఏ గంపలో తీసుకొని వస్తారో అడగనక్కరలేకపోయింది. ఆమే చెప్పారు. వదినగారు అటక మీద నుండి దించి, కొత్తగా రంగులు వేయించి పంపారట. అది చెబుతూ ఆమె కళ్లు తుడుచుకున్నారు. భర్త ఆమెను ఆపలేదు. కాసేపు అలా కూర్చొని, తరువాత ఆయన తన మోకాళ్ల నొప్పి సంగతి ఎత్తారు.